మడత కింది వాక్యం

మా ఆయనకు దేవుడు లేడు. నాకు ఉన్నాడు గానీ, నాకూ ఆ దేవుడికీ మధ్య సరిగా మాటల్లేవు.

నంద్యాలలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక గోడకు నా సిలువ, ఎదురుగోడకు మా ఆయన బుద్ధుడు. ఇంటికి వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసి, "ఎంత సఖ్యంగా ఉండారు మా మీరిద్దరూ" అంటారు. సఖ్యమూ లేదు, నా తలకాయా లేదు. పదహారేళ్లుగా ఆ రెండు గోడల మధ్య ఒకే ప్రశ్న నలుగుతోంది. మా పాప ఎవరి వల్ల చచ్చిపోయింది? దేవుడి వల్లనా, నా వల్లనా? అదొక్కటి తేలితే నాకు ఈ లోకంలో వేరే ఏమీ అక్కరలేదు.

పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. నేను స్కూల్లో టీచర్ని. ఆయన కరెంటు లైన్‌మన్. ఆళ్లగడ్డకు బదిలీ అయి, అక్కడే గది తీసుకుని ఉంటూ ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు. సోమవారం పాపకు జ్వరం వచ్చింది. మాత్ర వేస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. గురువారం పొద్దున ఒళ్లు కాలిపోతుంటే నాకు భయం వేసి ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మొత్తం నాలుగుసార్లు చేశాను. అప్పుడు మా అమ్మ, "గోస్పాడు దిక్కు ఉపవాస ప్రార్థనలు జరుగుతాండాయి, పోదాం పా. ప్రభువు ముట్టుకుంటే జ్వరమెంత" అంది.

పోయాను. ఆటోలో పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని నేనే పోయాను, ఎవరూ నన్ను కట్టేసి తీసుకుపోలేదు. గురువారం, శుక్రవారం ఆ రేకుల షెడ్డు కింద చాప మీద పాపను పెట్టుకుని కూర్చున్నాను. తడిగుడ్డ వేస్తూ, పాటలు పాడుతూ, ఏడుస్తూ కూర్చున్నాను. శనివారం తెల్లవారి పిలిస్తే పాప పలకలేదు. అప్పుడు నంద్యాల ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరు నన్ను తిట్టలేదు. "ఒక్కరోజు ముందు తెచ్చి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే నాకు ఇంకా నయంగా ఉండేది. మధ్యాహ్నానికి పాప లేదు.

కబురు అంది మా ఆయన సాయంత్రానికి వచ్చాడు. గురువారం నుంచి అహోబిలం అడవిలో లైన్ పని, అక్కడ సిగ్నల్ ఉండదని ఫోన్ గదిలోనే వదిలి పోయాను అన్నాడు. ఆ అడవిలో సిగ్నల్ ఉండదని అందరికీ తెలుసు. నమ్మాను.

సమాధుల తోటలో అప్పటి పాస్టరయ్య నా తల మీద చెయ్యి పెట్టి, ఇచ్చినవాడే తీసుకున్నాడమ్మా, మనమెవరం అడగడానికి అన్నాడు. మంచివాడే, పాపం. ఆయనకు నోటికి వచ్చిన ఓదార్పు అది. తర్వాత బేతంచెర్ల బండ తెచ్చి సమాధి మీద పరిచినప్పుడు ఆ మాటే చెక్కించారు. పైన సిలువ, దాని కింద పాప పేరు, అడుగున 'ఇచ్చినవాడే తీసుకున్నాడు' అన్న వాక్యం. పేరు మాత్రం మా ఆయన పట్టుబట్టి, పాప నోట్సు అట్ట మీద తను రాసుకున్న రాత ఎలా ఉందో అలాగే, వంకరటింకరగానే చెక్కించాడు. ఆ రోజు ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఇక ఆ వాక్యంతో నా బతుకు చెప్పాలి. దేవుడే తీసుకున్నాడంటే నేను చంపలేదు. ఎంత హాయి. కానీ తొమ్మిదేళ్ల పిల్లను, అందులోనూ తన పేరే కలవరిస్తున్న పిల్లను తన్నుకుపోయే దేవుడి ముందు ప్రతి ఆదివారం పోయి ఎలా మోకరించాలి? పోనీ ఆయన తీసుకోలేదు అనుకుందామా, మిగిలేది నేనే. అటు పోతే దేవుడు దొంగ, ఇటు పోతే నేను హంతకురాలిని. పోనీ అని చర్చి మానేద్దామంటే, మానేస్తే ఎవరిని తిట్టాలి? అందుకని పోయాను. అందరూ కళ్లు మూసుకుని స్తోత్రాలు చెబుతుంటే నేను పెదాలు కదిలిస్తూ తిట్టేదాన్ని. నా పక్కన కూర్చునే ఆవిడ నా భక్తికి కళ్లనీళ్లు పెట్టుకునేది.

మా ఆయన అలా కాదు. ఏడాది తిరక్కుండానే చర్చి మానేశాడు. ఎవరో తోటి ఉద్యోగి పుస్తకాలు ఇచ్చాడు, ఏదో హాల్లో ఆదివారం సమావేశాలన్నాడు, ఒక పున్నమి రోజు తెల్ల చొక్కా వేసుకుని పోయి బౌద్ధుడై వచ్చాడు. తాగుడు మానేశాడు, కోపం మానేశాడు. నాకు ఒళ్లు మండింది. నేను ఒక్కదాన్నే కోపంతో మిగిలిపోయాను.

"మీ బుద్ధుడు నీకేమిస్తాండాడు?" అని అడిగాను ఒకరోజు.

"ఏమీ ఇయ్యడు. ఇచ్చేదానికి ఆయన దేవుడు కాదు."

"మళ్లా దండం పెడతాండావు కదా?"

"గౌరవానికి పెడతాండా. అడిగేదానికి కాదు."

"అడక్కుంటే దేనికి ఆ బొమ్మ?"

"నువ్వు పదైదు నిమిషాలు అడిగి లేస్తావు. నేను పదైదు నిమిషాలు ఊరికే కూచోని లేస్తా. ఇద్దరికీ వచ్చింది ఏముంది మే" అన్నాడు. ఆ నెమ్మది చూస్తే చేతిలోని గరిటె విసిరేయాలనిపించింది.

ఒకసారి అన్నాడు, వాళ్ల పుస్తకాల్లో దేవతలు లేకపోలేదట. ఉంటారట గానీ వాళ్లూ మనలాగే కాలం తీరాక చనిపోతారట, మనల్ని గట్టెక్కించే శక్తి వాళ్లకు లేదట. "చచ్చే దేవుడు ఎవరికి కావాల?" అన్నాను. "మీ దేవుడూ సచ్చినాడు కదా, సిలువ మీద" అన్నాడు. "మళ్లా లేచినాడు" అన్నాను. "లేచినాడు. మన పాప లేయలే" అన్నాడు.

కానీ నన్ను నిజంగా కోసింది అది కాదు. "ఒకాయన పైన కూచోని మన రాతలు రాస్తాండాడంటే నేనొప్పుకోను. దేనికైనా కారణం ఉంటాది. ఆ కారణానికి ఇంకో కారణం. ఊరికే ఏదీ కాదు" అనేవాడు. వచ్చినవాళ్లతో అనేవాడు, టీవీ చూస్తూ అనేవాడు, వంకాయ చెట్టు ఎండిపోయినా అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కారణం అన్న మాట వినబడితే చాలు, నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. కారణం ఎవరో నాకు తెలియదా? ఆటో ఎక్కింది నేను. చాప పరిచింది నేను. నన్ను ఒక్క మాట అనకుండా, ఒక మతమే తెచ్చి ఎదురుగోడకు తగిలించి రోజూ నా మీదికి వేలు చూపిస్తున్నాడు అనుకున్నాను. పదహారేళ్లూ అలాగే అనుకున్నాను.

ఈస్టరుకు ముందు మా వాళ్లంతా సమాధులకు సున్నం కొడతారు, పండుగ తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు. చర్చి మానేసినా ఆ సున్నం పని మాత్రం మా ఆయన ఎవరికీ వదల్లేదు. కొట్టి, చేతులు కడుక్కుని, ప్రార్థన మొదలయ్యే సమయానికి గేటు బయటికి పోయి నిలబడేవాడు. మొన్న ఈస్టరుకు ఆయనే సున్నం కొడుతూ చూశాడు, బండ మధ్యకు పగిలి ఒకవైపు కుంగిపోయింది.

"ఆళ్లగడ్డలో నల్లరాయి చెక్కిద్దాం" అన్నాడు. సరే అన్నాను. "సిలువ ఉండనీ. పాప నమ్మింది కదా, అది పాపది" అన్నాడు. దానికీ సరే అన్నాను. పేరు రాత పోకూడదని డ్రాయింగ్ షీటు తెచ్చి పాత బండ మీద పరిచి, ఒక మూల నన్ను పట్టుకోమని, పైనంతా బొగ్గుతో రుద్దాడు. నల్లటి కాగితం మీద సిలువ, పాప చేతిరాత, వాక్యం తెల్లగా లేచాయి. ఆయన కాసేపు చూసి, అడుగున వాక్యం ఉన్న పట్టీని వెనక్కి మడిచేశాడు. గోటితో మడతను గట్టిగా రుద్దాడు.

"ఇదొద్దు" అన్నాడు.

ఆ వాక్యాన్ని అన్నేళ్లు తిట్టినదాన్ని, ఇప్పుడు ఉంచమని ఏ మొహంతో అడగాలి? వాక్యం పోతే రాయి మీద దేవుడు పోతాడు, నేను మిగులుతాను. బస్సు సిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ చేరేదాకా ఆ కాగితం చుట్ట నా ఒళ్లోనే ఉంది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్క రాతిపని చేసేవాళ్ల షెడ్లు మీరు చూసే ఉంటారు. మేము పోయిన షెడ్డులో అమ్మవార్లు, నందులు, ఎవరో నాయకుడి తలకాయ, అన్నీ ఒకే దుమ్ములో నిలబడి ఉన్నాయి. చెక్కే ఆయన యాభై ఏళ్ల మనిషి, కనుబొమ్మలు కూడా తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి. ఏదో కాలనీ వాళ్లు అడిగిన బుద్ధుడి విగ్రహానికి కళ్లు చెక్కుతున్నాడు. కళ్లు అన్నిటికన్నా చివర చేస్తారట.

"పూర్తిగా తెరవలేదేమప్పా?" అని అడిగాను.

"ఈయప్పకు ఇంతే మా. సగమే. అమ్మవారికైతే పూర్తిగా తెరుస్తాం, వచ్చినోళ్లను చూడాల కదా."

"ఈయన లోపలికి చూసుకుంటాండాడు" అన్నాడు మా ఆయన.

"లోపలికి చూసుకుంటే బయట పిల్లోళ్లు సచ్చేది యాడ కనపడతాది" అన్నాను. ఊరుకుంటే నేనెందుకవుతాను.

చెక్కే ఆయనకు మా సంగతి ఏం తెలుసు, నవ్వాడు. "ఏసు ప్రభువుకైతే ఏం చేస్తావప్పా?" అని అడిగాను. "సిలువ మీదుంటే పైకి చూసేటట్టు పెడతాం మా. వాళ్ల నాయన్ని పిలుస్తాంటాడు కదా" అన్నాడు.

"పిలిచినాడులే. ఆ నాయనా పలకలే" అన్నాను.

మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నా మాటకు నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. కాగితం ఇచ్చి, పేరు ఇదే రాతలో రావాలని పదిసార్లు చెప్పి వచ్చేశాం.

పదిహేను రోజులకు రాయి అయిందని ఫోన్ వచ్చింది. పోయాం. నల్లరాయిని గోడకు ఆనించి, మీద గోనెపట్టా కప్పి ఉంచాడు. పట్టా తీసి, నీళ్లు చల్లి తుడిచాడు. సిలువ బాగుంది. పాప పేరు చూస్తే పాపే కూర్చుని రాసినట్టుంది. దాని కింద, అంతే చక్కగా, ఒక్క అక్షరం పోకుండా, 'ఇచ్చినవాడే తీసుకున్నాడు' అని ఉంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట నెమ్మది కలిగింది.

"ఇదేందప్పా, ఇది వద్దని మడత పెట్టింటిమి కదా" అన్నాడు మా ఆయన.

"మడత పడిందనుకున్యా అన్నా, విప్పి చూసినా. చూస్తే వాక్యముండాది. మీ నంద్యాల దిక్కు సమాధి రాళ్లన్నిటికీ ఇట్లాంటిదే ఒకటి ఉంటాది కదా. ఒక్క అక్షరం తగ్గినా మాటొచ్చేది మాకే" అన్నాడు. అతని తప్పేముంది. మడత వద్దని పెట్టిందో, సంచిలో పడిందో అతనికెలా తెలుస్తుంది? మేము నోటితో చెప్పలేదు. మా ఇంట్లో ఏదీ నోటితో చెప్పుకునే అలవాటు లేదు.

"తీసేయొచ్చునా?"

"అరగదీస్తా. కాకుంటే ఆడ పట్టీ మాదిరి గుంట పడతాది. తెలిసిపోతాది."

"పడనీ. తీసెయ్" అన్నాడు మా ఆయన.

"తీసేది లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఉండనీ దాన్ని."

"నువ్వే కదా మే ఆ మాటను ఇన్నేండ్లు తిడతాండావు."

"తిడతా. నా ఇష్టం. అది ఉంటేనే కదా తిట్టేది. అది తీసేస్తే ఏముంటాదో నాకు తెలీదనుకుంటివా? నేనుంటా. పాపను షెడ్డు కింద చాప మీద పండబెట్టుకున్న దాన్ని నేనుంటా. కారణం, కారణం, కారణం. పదహారేండ్లు వింటాండా. పేరు పెట్టి చెప్పు, ఈడనే చెప్పు, ఈయప్ప ముందరే చెప్పు. నువ్వే సంపినావే అని చెప్పు."

చెక్కే ఆయన ఉలి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మా ఆయన రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. కూర్చుని పాప పేరులోని వంకర అక్షరం మీద వేలు పెట్టాడు.

"ఆ పొద్దు నేను అహోబిలంలో లేను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఈ ఊర్లోనే ఉంటి. గదిలోనే. నీ ఫోన్ మోగింది. నాలుగుసార్లూ చూసినా. ఎత్తలే."

"ఏంటికి?"

"దానికి ముందు ఆదివారం రాలేదని నువ్వు ఆ రాత్రే ఫోన్లో ఆడిపోసుకుంటివి కదా. మళ్లా తిట్టేదానికే చేస్తాండావనుకుంటి. ఎత్తింటే పాపకు జ్వరమని తెలుస్తాండె. ఆస్పత్రికి పో అని చెప్తాంటి. నువ్వు పోతాంటివి. నేను కారణం అనేది నిన్ను కాదు మే. దేవుడు తీసుకున్నాడని ఆ పాస్టరయ్య అంటాంటే, నాకు ఎంత సులువుగా ఉండెనో తెలుసునా? ఆ సులువు నాకు సహించలే. అందుకే ఆడ నిలబడలేక బయటికొచ్చేసినా. దేవుడు లేని చోటు కావాల్సి వచ్చింది, తోసేదానికి ఎవురూ లేని చోటు."

పదహారేళ్లు. నేను చాప మీద కూర్చుని ఆయన తిరిగి ఫోన్ చేయాలని కూడా ప్రార్థన చేశాను. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన గది ఈ రాళ్ల షెడ్డుకు రెండు వీధుల అవతల, మేము దిగిన బస్టాండుకు దగ్గర్లో. అక్కడ మంచం మీద ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఎందుకు? నేను తిడతానని. చూశారా, తిరిగి తిరిగి మళ్లీ నా నోటి మీదికే వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నేను పదహారేళ్లు మోశాను. ఈయన తనది మోశాడు, మూట విప్పి నాకు చూపించకుండా మోశాడు. అదేదో గొప్ప తపస్సు అనుకుని తెల్ల చొక్కా వేసుకుని మోశాడు. నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధం. అక్కడున్న సుత్తి తీసుకుని ఆయన నెత్తిన వేయాలనిపించింది.

"నాకు చెప్పింటే ఏమయితాండె?" అన్నాను.

"తిడతావని" అన్నాడు. అంత కోపంలోనూ ఆ మాటకు నాకు నవ్వు వచ్చినంత పనైంది.

"తిడతాంటి. ఆ పొద్దే తిడతాంటి. నీ మొహాన్నే తిడతాంటి. యో, పదహారేండ్లు నేను ఆ దేవున్ని తిట్టినా. ఆదివారం ఆదివారం ఆయన ముందరికి పోయి తిట్టినా. నీ వంతు తిట్లు కూడా ఆయనే తిన్యాడు. ఒక్కనాడూ అది నాది కాదు అనలే" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. పక్కన ఆ బుద్ధుడు ఇంకా అక్కడే ఉన్నాడు, తీసుకుపోయేవాళ్లు రాలేదు కాబోలు. సగం కళ్లతో తన పని తను చూసుకుంటున్నాడు. నేను కూర్చోవడానికి ఏమీ లేక ఒక నంది వీపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను.

చెక్కే ఆయన మెల్లగా అడిగాడు. "ఏం చేయమంటారు మా? ఉంచేదా, తీసేదా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. రాయి మీద ఆ అక్షరాలను ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను.

"తీసెయ్ అప్పా" అన్నాను. "ఆ దేవుడు తీసుకోలే."